పెరటి పొగాకు నారు

నా పొగాకు నారు అదృష్టం కొద్దీ బతికిందని ఎవరైనా అంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఆ ఏడు వానలు కలిసొచ్చాయని కొందరంటారు. వానలు నా ఒక్కదాని పెరట్లోనే పడ్డాయా? నేల మంచిదని ఇంకొందరంటారు. ఆ మంచి నేలలోనే మొదటి మడి మొత్తం నా కళ్ల ముందు కుళ్లిపోయింది. అందుకే జరిగింది జరిగినట్లు నేనే చెప్పేస్తాను. ఆరేళ్లయింది గానీ ఒక్క రోజు కూడా మర్చిపోలేదు.

నా పేరు లూదియా. ఆళ్లగడ్డకు మూడు మైళ్ల దూరంలో మా పల్లె. డెబ్బై తొమ్మిదిలో మా ఆయన శాంతయ్య సున్నిపెంటలో ఉండేవాడు. శ్రీశైలం డ్యాము పనుల్లో కాంక్రీటు కలిపే మిషను దగ్గర ఆయనకు పని. నెలకోసారి వచ్చి రెండు రోజులుండి పోయేవాడు. పెళ్లయి నాలుగేళ్లయినా అప్పటికి మాకు పిల్లల్లేరు. ఇంట్లో నేనూ, పొడిచే అలవాటున్న ఒక బర్రె. ఇంటి వెనక పెరడు, ఊరి బయట రెండున్నర ఎకరాల నల్లరేగడి చేను. దున్నించడం నుంచి ఆకు కోయించి ఆరబెట్టేదాకా చేను పనంతా నాదే. పేరు మాత్రం ఆయనది. శాంతయ్య చేను అనేవాళ్లు అందరూ.

మా వైపు నాటు పొగాకు వేసేవాళ్లలో నారు సొంతంగా పోసుకునేవాళ్లు లేరు. కోయిలకుంట్ల అవతలి నుంచి బండ్ల మీద కట్టలు కట్టలుగా వచ్చేది. ఎండలో వచ్చి, గోనెపట్టా కింద వేడెక్కి, చేతికందేసరికే సగం వాడిపోయేది. అంతకు ముందు ఏడు మేము నాటిన దాంట్లో మూడోవంతు చచ్చింది. చచ్చినచోట మళ్లీ నాటాం, మళ్లీ చచ్చింది. మా ఆయనకు విసుగొచ్చేసింది. ఆగస్టులో ఇంటికొచ్చినప్పుడు అన్నం ముందు కూర్చుని తేల్చి చెప్పాడు.

"ఈ పొగాకు గోల మనకొద్దు. చేను నరసింహులన్నకు కౌలుకిచ్చేస్తా. నువ్వు సున్నిపెంటకొచ్చేయ్. ఆడ కోటర్సు ఇస్తామంటాండారు."

"ఆడికొచ్చి నేనేం చేయాల? వండుకోని తిని కూచోవాల్నా?"

"ఏం, అందురూ కూచోల్యా?"

"అందురి సంగతి నాకెందుకు? నేను కూచోలేను. నారు మనమే పోసుకుందాం, ఈ పెరట్లోనే. ఇత్తనం నాకాడ ఉంది."

ఆయన పొలమారేలా నవ్వాడు. "పొగాకు నారంటే వంకాయ నారనుకుంటాండావా? దానికి తెలిసినోళ్లుండారు. వాళ్ల చేతిలోనే సగం పోతాది."

ఆ నవ్వుకు నాకు చర్రుమంది. మాటా మాటా పెరిగింది. చివరికి ఆయన కంచం పక్కకు జరిపి, "సరే. అక్టోబరు ఆఖరికి సెలవు పెట్టుకోని వస్తా. నాటేకి నారుంటే చేను నీది, నీ ఇష్టం. లేకుంటే నోరెత్తకుండా నా ఎంబడి బస్సెక్కాల" అన్నాడు. నేను సరేనన్నాను. నోరెత్తకుండా ఉండటం నాకు ఎంత కష్టమో ఆయనకు తెలుసు. అంటే నేను ఓడిపోతానని ఆయనకు అంత నమ్మకం అన్నమాట.

విత్తనం విషయంలో మాత్రం నేను ముందే జాగ్రత్తపడ్డాను. పొగాకు ఎదిగాక ఆకు బలం పట్టాలని తలలు తుంచేస్తాం. అంతకు ముందు ఏడు చేనంతటికీ తుంచి, బాగా ఎదిగిన ఆరు మొక్కలను మాత్రం పూతకు వదిలాను. కాయలు ఎండాక గుడ్డలో దులిపి మూట కట్టి ఉట్టిలో పెట్టాను. పొగాకు విత్తనం చూడనివాళ్లకు చెబితే నమ్మరు. పక్కన పెడితే ఆవగింజ గుమ్మడికాయ లాగా కనిపిస్తుంది. గట్టిగా తుమ్మితే ఎకరం నారు ఎగిరిపోతుంది.

ఆగస్టు చివరి వారంలో పెరట్లో మూడు మడులు కట్టాను. నీళ్లు నిలవకుండా నేలకు జానెడు ఎత్తు. పైన జొన్న చొప్ప, కంది కట్టె పరిచి నిప్పు పెట్టాను, మట్టిలో పురుగూ కలుపు విత్తనాలూ చావాలని. చల్లారాక బాగా మాగిన పేడ ఎరువు వేసి చదును చేసి, విత్తనాన్ని బూడిదలోనూ ఇసుకలోనూ కలిపి చల్లాను. పలచగా వరిగడ్డి కప్పాను. నీళ్లకు డాల్డా డబ్బా అడుగున మేకుతో చిల్లులు పొడిచి పెట్టుకున్నాను. పొద్దున పూట మడికి రెండు డబ్బాలు. తొమ్మిదో రోజు గడ్డి ఎత్తి చూస్తే మడి మీద పచ్చటి పొడి చల్లినట్లుంది. ఆ పూట నాకు ఆకలి కూడా వేయలేదు.

ఇక్కడ మా చర్చి సంఘం ఆడవాళ్ల గురించి చెప్పాలి. మా గుడిలో ఆడవాళ్ల కూటం ఒకటి ఉంది, నేను కాక పన్నెండు మంది. దానికి పెద్ద జయమ్మ అవ్వ. డెబ్బై ఏళ్లు, నలభై ఏళ్లు పొలం పని చేసిన చేతులు, గుడి పైకప్పు లేచిపోయే గొంతు. మా వాళ్లలో ఎవరు విత్తనం వేసినా ఆ రోజు సాయంత్రం ఆడవాళ్లంతా వచ్చి, పాట పాడి, ప్రార్థన చేసి, తలా ఒక చెంబు నీళ్లు ఆ మడి మీద చల్లి పోవడం ఆచారం. ఒక్క రోజుతో అయిపోతుంది. నా విషయంలో మాత్రం మొగుడు పెట్టిన షరతు ఊరంతా తెలిసిపోయింది. జయమ్మ అవ్వకు కోపం వచ్చేసింది.

"శాంతయ్యకు అంత మదమా? మేయ్ లూదియా, ఒక్క దినంతో ఇడిసేది కాదు ఇది. నారు చేనికి పోయేదాకా దినామూ పొద్దుగూకే యాళకు మీ ఇంటికాడే కూటం" అంది.

అన్నట్లే చేసింది. రోజూ సాయంత్రం పన్నెండు మంది వసారాలో కూర్చుని పాడేవాళ్లు. తర్వాత తొట్టిలో చెంబులు ముంచుకుని మడుల చుట్టూ నిలబడి, కళ్లు మూసుకుని, తలా ఒక చెంబు నీళ్లు పోసేవాళ్లు. నాకు సంతోషంతో కళ్లనీళ్లు వచ్చేవి. అమ్మగారింటి వాళ్లు కూడా నాకోసం అంత చేయలేదు.

పదహారో రోజు మొదటి మడి మధ్యలో చాటంత మేర మొక్కలు పడుకున్నాయి. ఎండకు వాలాయనుకున్నాను. వంగి చూస్తే కాండం నేల దగ్గర గోధుమరంగుకు తిరిగి, కాలిన దారంలా సన్నబడి ఉంది. ఆకు ఇంకా పచ్చగానే ఉంది, కాలు మాత్రం విరిగిపోయింది. పట్టుకుంటే చేతికి జిగురు, కుళ్లిన వాసన. మర్నాటికి అది రెండు చాటలంత అయింది. నాలుగు రోజుల్లో మొదటి మడి ఖాళీ. రెండో మడిలో మొదలయింది.

నరసింహులన్న ఇల్లు మా పెరటి ముళ్లకంప అవతలే. చెడ్డవాడేం కాదు గానీ మా చేను మీద ఆయనకు ఆశ. రోజూ పళ్లు తోముకుంటూ కంప మీదుగా తొంగి చూసేవాడు.

"ఏందమ్మా, నారు ఎట్లుంది?"

"నారు లాగే ఉంది."

"నేను చెప్పలేదా? ఇంటికాడ పోసేది కాదమ్మా అది. దానికి చెయ్యి కావాల."

"నాకూ రెండుండాయిలే అన్నా."

అనడానికి అన్నాను గానీ లోపలికొచ్చి పొయ్యి కూడా వెలిగించకుండా కూర్చున్నాను. సున్నిపెంటలో వరసగా ఉండే రేకుల ఇళ్లు, పని లేని మధ్యాహ్నాలు కళ్ల ముందు తిరిగాయి. నా చేలో నరసింహులన్న గుంటక తోలుతున్నట్లు కనిపించింది. భయమంటే ఏమిటో ఆ రోజు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే చచ్చిన మొక్కలు కొన్ని, బతికిన మొక్కలు కొన్ని మట్టితో సహా తడిగుడ్డలో చుట్టి, టిఫిను డబ్బాలో పెట్టుకుని నంద్యాల బస్సెక్కాను. అక్కడ వ్యవసాయ పరిశోధన కేంద్రం ఉందని తెలుసు గానీ ఎప్పుడూ గేటు దాటలేదు. రాజరత్నం అని ఒక ఆఫీసరు కూర్చోమన్నాడు. డబ్బా మూత తీసి, మొక్కను భూతద్దంతో చూసి, "మాగుడు తెగులమ్మా" అన్నాడు.

"అంటే ఏంది సార్?"

"నారు కుళ్లిపోయే తెగులు. మడి రాత్రంతా తడిగా ఉంటే వస్తాది. నీళ్లు ఎప్పుడు పోస్తాండావు?"

"పొద్దున."

"ఎంత?"

"మడికి రెండు డబ్బాలు. ఈ నాలుగు దినాల్నుంచి ఒకటే."

"సాయంత్రం పోయడం లేదా?"

"లేదు సార్."

ఆయన నన్నూ, డబ్బాలో మట్టినీ మార్చి మార్చి చూశాడు. "ఈ మట్టి చూస్తే అట్ల లేదే. నువ్వు సాయంత్రం పోస్తాండావమ్మా."

"నా చేతులు, నా మడి. పోసి పోయలేదని చెప్పేకి నాకేం పని సార్?" అన్నాను. పక్క బల్ల దగ్గర గుమాస్తా తలెత్తి చూశాడు. ఆఫీసరు మంచివాడు కాబట్టి నవ్వి ఊరుకున్నాడు. కాగితం మీద మందు రాసిచ్చాడు. పది లీటర్ల నీళ్లకు నలభై గ్రాముల మైలుతుత్తం, నలభై గ్రాముల సున్నం. విడివిడిగా మట్టికుండల్లో కరిగించి తర్వాత కలపాలి. ఇనుప పాత్ర వాడకూడదు. కలిపాక శుభ్రమైన కొడవలి మొన ముంచి తీస్తే దాని మీద ఎర్రటి పూత పడకూడదు, పడితే ఇంకాస్త సున్నం వేయాలి. "మందు ఒక్కటే చాలదమ్మా. రాత్రి మడి ఆరి ఉండాల. అది చూసుకో" అని గేటు దాకా వచ్చి మరీ చెప్పాడు.

బస్సులో వస్తున్నంతసేపూ ఆయన మీద కోపమే. నన్ను అబద్ధాలకోరు అన్నట్లే కదా! ఆళ్లగడ్డలో దిగి వెంకటరామయ్య అంగట్లో మైలుతుత్తం తీసుకున్నాను. మర్నాడు ఆఫీసరు చెప్పినట్లే కలిపి, కొడవలి ముంచి చూసి, మడుల మీద చల్లాను. ఆకాశం రంగు నీళ్లు. రెండు రోజులు తెగులు ఆగినట్లే అనిపించింది. మూడో రోజు రెండో మడిలో మళ్లీ ఒక చాటంత. మూడో మడిలో కూడా.

ఆ పొద్దున నేను బర్రెకు చొప్ప వేయడానికి పెరటి కొసకు పోయాను. బర్రెను కట్టే గుంజ మూడో మడి చివర్లో ఉంది. చొప్ప వేసి తిరిగేటప్పుడు కాలు ఆగిపోయింది. ఆ కొసన రెండు బారల మేర నారు నిటారుగా నిలబడి ఉంది. కాండం లావుగా, ఆకు మందంగా, ఒక్కటంటే ఒక్కటి పడలేదు. అదే విత్తనం, అదే ఎరువు, ఒకే రోజు చల్లింది. మొదట బర్రె ఉచ్చ బలమేమో అనుకున్నాను. తర్వాత కూర్చుని ఆ చివరి మట్టి గుప్పెడు తీసి పిసికాను. పొడిపొడిగా రాలింది. ఇవతలి చివరికి వచ్చి గుప్పెడు పిసికాను. ముద్దయింది, అరచేయి తడిసింది.

అప్పటికి ఇంకా ఎండ రాలేదు. నేను నీళ్లు పోయనూ లేదు. మరి ఈ తడి ఎక్కడిది?

మొక్కల మధ్య అలాగే కూర్చుండిపోయాను. బర్రె పొడుస్తుందని ఆ కొసకు ఆడవాళ్లెవరూ పోరు. మిగతా అన్నిచోట్లా నిలబడతారు. పన్నెండు మంది, పన్నెండు చెంబులు, రోజూ పొద్దుగూకేటప్పుడు. నేను పొద్దున లెక్కపెట్టి చుక్క చుక్క జల్లింది ఒకటీ రెండు డబ్బాలు. వాళ్లు సాయంత్రం గుమ్మరించింది దానికి మూడింతలు. పైగా మొదటి మడి ఖాళీ అయ్యాక ఆ వంతు కూడా ఈ రెండు మడుల మీదే పడుతోంది. నేను చల్లిన మందునూ ఆ నీళ్లే కడిగేశాయి. ఆఫీసరు అంత విడమరిచి అడిగినా ఆ నీళ్లు నాకు గుర్తే రాలేదు. దాచాలని కాదు. అది ప్రార్థన అనుకున్నాను గానీ నీళ్లు పోయడం అనుకోలేదు. నన్ను నేను అంత గట్టిగా తిట్టుకున్నది ఆ రోజే.

తెలుసుకోవడం ఒక ఎత్తు, చెప్పడం ఇంకో ఎత్తు. ఆ సాయంత్రం పాట, ప్రార్థన అయ్యేదాకా ఆగాను. ఆడవాళ్లు చెంబుల కోసం లేవగానే వెళ్లి తొట్టికి అడ్డంగా నిలబడ్డాను.

"ఈ పొద్దు నుంచి నీళ్లొద్దు అవ్వా" అన్నాను.

"యాల?"

"మడి రాత్రంతా తడిగా ఉంటాంది. అందుకే నారు కుళ్లుతాంది. నంద్యాల సారు కూడా అదే చెప్పినాడు."

జయమ్మ అవ్వ మొహం ఎర్రబడింది. "అంటే ఏందీ? మా ప్రార్థన నీ నారుకు తెగులయిందా?"

మెత్తగా చెప్పడం నాకు చేతకాదు. ఆ పూట నేర్చుకుని ఉంటే బాగుండేది. "ప్రార్థన కాదవ్వా, నీళ్లు. సూడు" అని ఆమె రెండు చేతులూ పట్టుకుని లాక్కుపోయి, ఒక చేతిలో బర్రె కొస మట్టి, ఇంకో చేతిలో ఇవతలి మట్టి పెట్టాను. ఆమె రెండూ పిసికింది. నలభై ఏళ్లు మట్టి పట్టిన చేతులకు తెలియకుండా ఉంటుందా? తెలిసింది, మొహంలో కనపడింది. కానీ పదకొండు మంది చూస్తున్నారు. మట్టి దులిపేసి, కొంగు భుజం మీద వేసుకుని వెళ్లిపోయింది. వెనకే అందరూ వెళ్లిపోయారు.

నాలుగు రోజులు మా వసారాలో పాట లేదు. ఆదివారం గుడిలో నా పక్కన చాప ఖాళీగానే ఉండిపోయింది. ప్రసంగం ఒక్క ముక్క చెవికెక్కలేదు. నేను గర్వంతో చేశానా అని దేవుణ్ని అడిగాను. ఆయన కోసం వచ్చినవాళ్లను నా మొక్కల కోసం వెళ్లగొట్టానా అని ఏడ్చాను కూడా. ఇంటికొచ్చి పెరట్లోకి పోతే, ఆ నాలుగు రోజుల్లో కొత్తగా ఒక్క మొక్క పడలేదు. ఏడుస్తూనే నవ్వొచ్చింది. నేను చెప్పింది నిజం. తప్పు చెప్పిన తీరులో ఉంది, చెప్పడంలో లేదు.

సోమవారం తెల్లవారీ తెల్లవారకముందే తలుపు చప్పుడయింది. తీస్తే జయమ్మ అవ్వ. చేతిలో డాల్డా డబ్బా, అడుగున చిల్లులు. నా డబ్బాకున్న చిల్లుల కంటే సన్నవి.

"పొద్దున పోయొచ్చునా, అదీ తప్పేనా?" అంది గడప అవతలి నుంచే.

"పోయొచ్చవ్వా. లోపలికి రా."

"ఎన్ని?"

"మడికొక డబ్బా."

"ఒకటేనా?" అని నొసలు ముడిచింది. తర్వాత వెళ్లి, నూనె కొలిచినట్లు కొలిచి జల్లింది. ఈసారి కళ్లు తెరిచే ప్రార్థన చేసింది. మర్నాటికి మిగతా పదకొండు మందీ వచ్చేశారు. నీళ్లకు కాదు, పాటకు. ఆరింటికే పన్నెండు గొంతులు లేచేసరికి నరసింహులన్న ఇంట్లో నిద్ర చెడింది. దానికి మాత్రం నేను ఏమీ బాధపడలేదు.

తెగులు ఆగింది గానీ పని అప్పుడే మొదలయింది. ఒక మడి పోయింది, మిగిలిన రెండింటిలో మచ్చలు. మళ్లీ విత్తనం చల్లితే అక్టోబరుకు అందదు. బతికినచోట మాత్రం నారు ఒత్తుగా ఉంది. పడిపోయిన మొక్కలున్న మట్టి చెక్కి పారేశాను. మొదటి మడిని తిరగదవ్వి నాలుగు రోజులు ఎండబెట్టి, మళ్లీ చొప్ప వేసి కాల్చాను. ఒత్తుగా ఉన్నచోట మొక్కలు పుల్లతో మెల్లగా పెకలించి, మొదటి మడిలో నాలుగు వేళ్ల ఎడంగా నాటాలి. వేలిగోరంత మొక్కలు, వేలకు వేలు. నా ఒక్కదానితో అయ్యే పని కాదు. పన్నెండు మంది మడి చుట్టూ కూర్చున్నారు. పొలంలో పరుగులు పెట్టి నాటే చేతులు ఒక్కో మొక్కనూ పసిబిడ్డను పడుకోబెట్టినట్లు పెట్టాయి. మూడు పొద్దులు పట్టింది. నడుములు పడిపోయాయి. ఒక్కరు కూడా పాత మాట ఎత్తలేదు.

తర్వాత ఆకు పాలిపోయింది. ఎన్నాళ్లో తడిలో ఉన్న వేరు తిండి లాగలేదు. చిటికెడు అమోనియా ఎరువు నీళ్లలో కరిగించి జల్లి, వెంటనే ఆకు మాడకుండా మంచినీళ్లతో కడిగాను. వారానికి ఆకు ముదురు పచ్చకు తిరిగింది. పది రోజులకోసారి మైలుతుత్తం నీళ్లు. ఈసారి కడిగేసేవాళ్లు లేరు కాబట్టి మందు మందుగా పనిచేసింది. మధ్యలో ఒకసారి నంద్యాల పోయి, "సార్, సాయంత్రం నీళ్లు పోసినాం. మీరు చెప్పిందే నిజం" అని ఒప్పుకుని వచ్చాను. ఎవరు పోశారో, ఎందుకు పోశారో చెబితే ఆఫీసరు చాలాసేపు నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

నాటడానికి పది రోజుల ముందు నీళ్లు బాగా తగ్గించాను. చేలో ఎండకు ఓర్చుకోవాలంటే పెరట్లోనే అలవాటు చేయాలి. మధ్యాహ్నానికి ఆకులు వాలిపోయేవి. జయమ్మ అవ్వ డబ్బా పట్టుకుని మడి చుట్టూ కాలుగాలిన పిల్లిలా తిరిగేది. "సచ్చిపోతాయ్ మే, ఒక్క డబ్బా!" అని బతిమాలేది. నేను ఊ అనలేదు. సాయంత్రానికి ఆకులు వాటంతట అవే లేచి నిలబడుతుంటే ఆమె నోరు తెరుచుకుని చూసేది.

అక్టోబరు ఇరవై ఎనిమిదిన మా ఆయన వచ్చాడు. భుజం మీద కొత్త రేకు పెట్టె. నా బట్టలు సర్దుకోవడానికి సున్నిపెంట నుంచి కొనుక్కుని మోసుకొచ్చాడు! నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. అయినా మంచినీళ్లిచ్చాను. తాగి చెంబు కింద పెట్టాక, "పెరట్లోకి పో" అన్నాను.

పోయాడు. నేను వాకిట్లోనే నిలబడ్డాను. ఎంతకీ తిరిగి రాలేదు. వెళ్లి చూస్తే మూడు మడుల మధ్య గొంతుక్కూర్చుని ఉన్నాడు. చేతిలో ఒక మొక్క. వేలంత కాండం, అరచేయంత ఆకులు, కింద తెల్లటి కుచ్చు లాగా వేర్లు. వేర్ల మట్టి దులుపుతున్నాడు, మళ్లీ చూస్తున్నాడు. బండ్ల మీద వచ్చే నారు పదిహేనేళ్లు నాటిన మనిషి. వేరు ఎలా ఉండాలో ఆయనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

"ఇదంతా నువ్వేనా?" అన్నాడు.

"నేనూ, నంద్యాల సారూ, పన్నెండు మంది ఆడోళ్లూ. బుద్ధి మాత్రం నాది" అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సిందేమో. ఉండలేకపోయాను.

అంతలో నరసింహులన్న కంప అవతలి నుంచి కాక, వీధి వాకిలి గుండా వచ్చాడు. కౌలు మాట తేల్చుకోవడానికి వచ్చాడనుకున్నాడు మా ఆయన. నరసింహులన్న మొహం చూస్తే అలా లేదు. ముందురోజు బండి మీద తెప్పించి నాటిన నారు సగం ఆయన చేలో వాలిపోయిందట. మా ఆయనతో మాట్లాడతాడనుకున్నాను. నా వైపు తిరిగాడు.

"అమ్మా, నీది నాటుకున్నాంక మిగిలితే నాకియ్యి."

"ఇస్తాలే అన్నా. సచ్చినకాడ పూడ్చేకి సరిపోతాది. పొద్దున పెరికించుకో, ఎండలో కట్టలు పెట్టొద్దు" అన్నాను. ఆయన తల ఊపాడు. నారుకు చెయ్యి కావాలన్న మనిషి నా ముందు తల ఊపుతుంటే నాకు లోపల బ్యాండు మేళం మోగింది. ఎందుకు దాచాలి?

మర్నాడు పొద్దున్నే నారు పెరికి, తడి గోనెల్లో చుట్టి, బండి మీద చేనికి చేర్చాం. పన్నెండు మంది ఆడవాళ్లు వరసగా గట్టు మీద నిలబడ్డారు, చీరలు ఎగ్గట్టి, చేతుల్లో నారు గంపలు. రాత్రి పడిన చినుకుకు నల్లరేగడి మెత్తగా ఉంది. మా పల్లెలో నాట్లు ఎటు నుంచి మొదలుపెట్టాలో, సాలుకు సాలుకు ఎంత ఎడం ఉండాలో ఇంటి మగవాడు చెబుతాడు. చెప్పేదాకా ఎవరూ చేలోకి దిగరు. నాలుగేళ్లుగా చేను పనంతా నేను చేసినా ఆ రోజుకు మాత్రం సున్నిపెంట నుంచి వచ్చి ఆయనే చెప్పేవాడు. అలవాటు ప్రకారం అందరూ ఆయన వైపు చూశారు. జయమ్మ అవ్వ కూడా చూసింది.

మా ఆయన గట్టు మీద నిలబడి చేనంతా ఒకసారి కలియజూశాడు. తర్వాత గంప ఒకటి ఎత్తుకుని చంకలో పెట్టుకున్నాడు.

"నన్నేం సూస్తారు?" అన్నాడు. "చేను ఆమెది. ఆమెనడుగుండి."

పుట్టిన దగ్గర్నుంచి నాకు మాట కోసం వెతుక్కునే అవసరం రాలేదు. అప్పుడు వచ్చింది. పన్నెండు జతల కళ్లు నా వైపు తిరిగాయి. మా ఆయన కూడా కూలికి వచ్చినవాడిలాగే వరసలో నిలబడి నా మొహం చూస్తున్నాడు.

"తూర్పు గట్టు కాడ్నుంచి దిగుండి" అన్నాను. "రెండు మూరల ఎడం. వేరు మడతపడితే మళ్లీ పెరికిస్తా, ఎవరైనా సరే."

ఆడవాళ్లు దిగారు. మా ఆయన వెళ్లి చివరి సాలు పట్టుకున్నాడు.